పొగాకు, క్యాన్సరు: రాష్ట్ర ప్రభుత్వ ధర్మము

"ఆరోగ్యమే మహాభాగ్యము" అని తెలుగు పెద్దలు అన్నారు. "తందురుస్తీ హజార్ నేమత్" అని ఉర్దూ పెద్దలు అన్నారు. రెండు భాషలు వినబడే మన కళాశాల ప్రాంగణంలో ఈ రెండు మాటలు ఎరుగనివారుండరు. అయితే ధనమనే భాగ్యాన్ని కాపాడుకొనుటకు తాళము, పెట్టె, లెక్కల పుస్తకము ఏర్పరచుకొన్న మానవుడు, ఆరోగ్యమనే మహాభాగ్యాన్ని మాత్రము పోయిన తరువాత వెదకుకొనుట అలవాటు చేసికొన్నాడు. వ్యక్తి విషయంలో ఇది అజ్ఞానము. ప్రభుత్వ విషయంలో ఇది ధర్మలోపము. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ముఖ్యంగా ఈ రెండవ దానిని గూర్చియే.

కొంతకాలం క్రిందట మా తరగతిలో బి.ఏ. చదువుచున్న ఒక విద్యార్థి వరుసగా మూడు వారాలు కనబడలేదు. తిరిగి వచ్చిన నాడు కారణమడిగాము. అతని తండ్రి ఆటో నడుపుతాడు. పదేండ్లుగా గుట్కా నమిలే అలవాటు. మొదట కారము తగిలితే నోరు మండేదట. తరువాత రొట్టెముక్క పెట్టుకొనుటకు నోరు తెరచుకొనేది కాదట. మూడు వ్రేళ్లు నిలువుగా పట్టవలసిన నోటిలో ఒక్క వ్రేలు పట్టుట కష్టమైంది. పన్ను ఒరసికొని పుండు పడినదనుకొని నెలలు గడిపారు. చివరకు హైదరాబాదుకు తీసికొని వెళ్లగా క్యాన్సరని తేలింది. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధి అదే. తల్లి ఇంటివద్ద బీడీలు చుడుతుంది. ఆ కూలితోనే ఈ పిల్లవాని పరీక్ష ఫీజు.

ఆ విద్యార్థి మాతో అన్న మాట ఇది: "సార్, అబ్బా ఆపరేషనుకు సర్కారు డబ్బిచ్చింది, కాదనను. కాని ఆయన పదేండ్లు నములుతుంటే ఒక్కరూ వచ్చి నోరు తెరచి చూపమని అడుగలేదు. దవడ తీసివేసిన తరువాత అందరూ అడుగుతున్నారు." ఆనాడు మేము అతనికి ఏ సమాధానమూ ఇవ్వలేకపోయాము. ఈ వ్యాసము ఆ సమాధానము కొరకు చేసిన ప్రయత్నము.

పొగాకు మన దేశానికి వచ్చిన వైనము

పొగాకు మన దేశంలో పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండము నుండి పోర్చుగీసు వర్తకుల వెంట పశ్చిమ తీరానికి, అక్కడినుండి దక్కనుకు చేరింది. 17వ శతాబ్ది ప్రారంభంలో అక్బరు పాదుషా పంపగా బీజాపూరుకు వెళ్లిన అసద్ బేగ్ అనే ఉద్యోగి అక్కడ పొగాకును చూచి, కొంత కొని, రత్నాలు చెక్కిన గొట్టముతో సహా దర్బారులో సమర్పించాడు. పాదుషా కుతూహలముతో రెండు మూడు మార్లు పొగ పీల్చాడు. అప్పుడు ఆస్థాన వైద్యుడు అడ్డు చెప్పాడు. మన విజ్ఞులు అంగీకరించని వస్తువును, పరీక్షించి చూడకుండ, పరదేశీయులు వాడుతున్నారు కదా అని మనము వాడరాదని అతని వాదము. ఈ ముచ్చటను అసద్ బేగ్ స్వయంగా వ్రాసి ఉంచాడు. పాదుషా మానివేశాడు గాని అమీరులు మానలేదు. వర్తకులు తెచ్చి అమ్మసాగారు. 1617లో జహంగీరు పొగాకును నిషేధిస్తూ ఆజ్ఞ జారీ చేశాడు. ఆజ్ఞ కాగితముపై నిలిచింది, పొగ దేశమంతటా నిలిచింది.

ఈ కథలో రెండు పాఠాలు ఉన్నాయి. "పరీక్షించి చూడుము" అన్న వైద్యుని మాట నాలుగు వందల ఏండ్ల క్రిందటనే పరిశోధన కావలెనని చేసిన విన్నపము. దానిని ఎవ్వరూ చెవిని పెట్టలేదు. ఇక జహంగీరు ఆజ్ఞ, వెనుక ఏర్పాటు లేని నిషేధము ఎట్టి గతి పట్టునో తెలుపుతుంది. ఈ రెండు పాఠాలు నేటికీ మనకు అవసరమైనవే.

తరువాత కాలంలో మన కోస్తా జిల్లాలు పొగాకు పంటకు పేరెన్నికగన్నాయి. గుంటూరు పేరు చెప్పగానే పొగాకు తలపునకు వచ్చేంత అనుబంధము ఏర్పడింది. సాహిత్యంలోనికి కూడ చుట్టపొగ ప్రవేశించింది. కన్యాశుల్కములో గిరీశము వద్ద చదువుకొన్న వెంకటేశమునకు అబ్బిన విద్యలలో చుట్ట కాల్చుట ముఖ్యమైనదని మన విద్యార్థులందరు ఎరుగుదురు. ఆ ఘట్టము చదివి మనము నవ్వుకొంటాము. కాని గురజాడ ఆ నవ్వు వెనుక ఒక సత్యము ఉంచాడు. ఈ అలవాటు పుట్టుకతో రాదు. పెద్దవాడు నేర్పితే పిన్నవాడు నేర్చుకొంటాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మాకు ఆ ఘట్టము ఎప్పుడూ ఒక హెచ్చరికయే.

శాస్త్రము చెప్పుచున్నది

మన శరీరములోని ప్రతి కణమునందు అది ఎప్పుడు చీలవలెనో, ఎప్పుడు ఆగవలెనో నిర్ణయించే జన్యు లిపి ఉన్నది. ఆ లిపిలో తప్పులు దొర్లి, దిద్దుబాటు జరుగనప్పుడు, కణము ఆగుట మరచి చీలిపోతూనే ఉంటుంది. అదియే క్యాన్సరు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయి. వానిలో సుమారు 70 క్యాన్సరు కలిగించేవని నిర్ధారణ అయింది. నమిలే పొగాకులో పొగ లేదు గదా అని కొందరు వాదిస్తారు. దానిలో నైట్రోసమైన్లు అనే విషపదార్థాలు ఉన్నాయి. అవి చెంపను, చిగురును, నాలుకను అంటిపెట్టుకొని గంటల తరబడి పని చేస్తాయి. గుట్కాలో పొగాకుతో కలిసే వక్క కూడ నిర్దోషి కాదు. పొగాకు లేకపోయినను వక్క క్యాన్సరు కారకమేనని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. చెంపలోని మెత్తని పొర గట్టిపడి, నారలు కట్టి, నోరు తెరచుకోకుండ చేసేది ప్రధానంగా ఈ వక్కయే. మా విద్యార్థి తండ్రికి మొదట జరిగినది అదే.

పొగాకు చేటు నోటితో ఆగదు. గొంతు, స్వరపేటిక, ఊపిరితిత్తులు, అన్నవాహిక, జీర్ణకోశము, క్లోమము, మూత్రపిండము, మూత్రాశయము, స్త్రీలలో గర్భాశయ ముఖము, ఇన్ని అవయవాల క్యాన్సరులకు పొగాకుతో సంబంధము రుజువైంది. గుండెపోటు, పక్షవాతము, దీర్ఘకాలపు దగ్గు ఆయాసములు దీనికి అదనము.

ఇంత భయంకరమైన విషయములో ఒక ఆశాజనకమైన అంశము కూడ ఉన్నది. బ్రిటనులో డాల్, హిల్ అనే ఇరువురు శాస్త్రజ్ఞులు 1951లో దేశములోని వైద్యులకు లేఖలు వ్రాసి వారి పొగత్రాగుడు అలవాట్లను నమోదు చేశారు. వారిలో 34,439 మంది పురుష వైద్యులను అనుసరించిన ఆ అధ్యయనము 50 సంవత్సరాలు సాగి, 2004లో దాని ఫలితములు వెలువడ్డాయి. జీవితాంతము పొగత్రాగినవారు త్రాగనివారికంటె సగటున 10 ఏండ్లు ముందుగా మరణించారు. 60వ ఏట మానినవారు 3 ఏండ్లు, 50వ ఏట మానినవారు 6 ఏండ్లు, 40వ ఏట మానినవారు 9 ఏండ్లు ఆయుర్దాయమును తిరిగి పొందారు. 30 ఏండ్లకు మానినవారు దాదాపు మొత్తము 10 ఏండ్లను నిలుపుకొన్నారు. మానుటకు ఆలస్యమైనదన్న వయస్సు లేదు. మానుటకు తొందరపడవలసిన వయస్సు మాత్రము ఉన్నది. అది మా విద్యార్థుల వయస్సు.

తెలుగునేల నేర్పిన పాఠము

శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాలలో "అడ్డపొగ" అనే వాడుక ఉన్నది. చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల ఉంచుకొని పొగ పీల్చుట. దీనిని ఎక్కువగా స్త్రీలు అలవరచుకొన్నారు. ఇతర ప్రాంతాలలో నోటి క్యాన్సరు చెంపకో నాలుకకో వస్తుండగా, ఇక్కడ అంగిలికి వచ్చుట వైద్యులు గమనించారు. 1957లోనే మన వైద్యులు కోస్తాంధ్రలోని అంగిలి క్యాన్సరుకు, నిప్పును నోటిలో పెట్టుకొనే ఈ అలవాటుకు గల సంబంధమును వ్యాసరూపమున ప్రకటించారు.

తరువాత 1960లలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు శ్రీకాకుళం గ్రామాలలో ఇల్లిల్లు తిరిగి వేలాది మంది నోళ్లను పరీక్షించారు. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాతులోని భావనగరం, ఈ మూడు జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకొని, వారికి ఏటేటా బోధ చేసి, నోటిని పరీక్షించి, 1986లో ఆ ఫలితములను లోకానికి తెలిపారు. బోధ అందినచోట అలవాటు మానినవారు పెరిగారు. క్యాన్సరుకు ముందు కనబడే తెల్లమచ్చలు తగ్గాయి. చదువురాని పల్లెవాసులకు చెప్పి ప్రయోజనమేమి అనే పెద్దమనుషులకు శ్రీకాకుళం అవ్వలు ఆనాడే సమాధానము చెప్పారు.

కేరళ విషయము ఇంకను గమనింపదగినది. తిరువనంతపురములో 1981లో కేరళ ప్రభుత్వము, కేంద్ర ప్రభుత్వము కలిసి ప్రాంతీయ క్యాన్సరు కేంద్రమును స్థాపించాయి. ఆ కేంద్రము 1996 నుండి ఆ జిల్లాలోని 13 పంచాయతీ ప్రాంతాలలో, 35 ఏండ్లు దాటిన సుమారు 1 లక్షా 90 వేల మందితో ఒక గొప్ప ప్రయోగము జరిపింది. కొన్ని పంచాయతీలలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి టార్చిలైటు వెలుతురులో నోటిని పరీక్షించారు. వారు వైద్యులు కారు, డిగ్రీ చదివిన యువతీయువకులు. తక్కిన పంచాయతీలలో మామూలు వైద్యమే అందింది. 2005లో ఫలితాలు వెలువడ్డాయి. పొగాకో మద్యమో వాడే అలవాటున్నవారిలో, పరీక్ష జరిగినచోట నోటి క్యాన్సరు మరణాలు 34 శాతము తగ్గాయి.

ఒక టార్చిలైటు, ఒక శిక్షణ పొందిన మనిషి, ఒక తలుపు తట్టుట. మా విద్యార్థి అడిగినది ఇంతకు మించి కాదు. "నోరు తెరచి చూపమని ఒక్కరూ అడుగలేదు" అన్నాడతడు. అడిగితే ప్రాణాలు దక్కుతాయని కేరళ రాష్ట్రము నిరూపించి ఎన్నో ఏండ్లయింది.

పరిశోధన ఎవరి ధనముతో జరుగవలెను?

పైన చెప్పిన అధ్యయనములలో ఒకటి 50 ఏండ్లు సాగింది. ఒకటి 20 ఏండ్లు, ఒకటి దాదాపు 10 ఏండ్లు. వీనివలన అమ్ముడుపోయే వస్తువు ఏదియు తయారు కాలేదు. "మానివేయుడు, ముందుగా చూపించుకొనుడు" అన్న జ్ఞానము మాత్రమే లభించింది. అట్టి జ్ఞానమును ఏ వర్తకుడు కొంటాడు? దానికి ధర లేదు, విలువ మాత్రము ఉన్నది. ధరలేని విలువను పోషించవలసినది ప్రభుత్వమే.

ప్రభుత్వము ప్రక్కకు తప్పుకొంటే ఆ చోటు ఖాళీగా ఉండదు. 1954లో అమెరికాలోని సిగరెట్టు కంపెనీలు పత్రికలలో ఒక ప్రకటన వేయించి, ప్రజారోగ్యమే తమకు ముఖ్యమని, నిజము తేల్చుటకు తామే పరిశోధనకు ధనమిస్తామని చాటాయి. ఆ ధనము నిజము తేల్చుటకు గాక సందేహము పెంచుటకే ఉపయోగపడింది. 1964లో ఆ దేశపు ప్రధాన వైద్యాధికారి నివేదిక ఊపిరితిత్తుల క్యాన్సరుకు సిగరెట్టు కారణమని స్పష్టము చేసిన తరువాత కూడ ఆ వాదన దశాబ్దాలు నడిచింది. ఆ కంపెనీలు ప్రజలను మోసగించాయని 2006లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పింది. కంచె కట్టే పనిని మేకకు అప్పగించరాదని మన రైతులకు ఎవ్వరూ నేర్పనక్కరలేదు.

రాష్ట్ర ప్రభుత్వమే ఏల?

మన రాజ్యాంగములోని ఏడవ షెడ్యూలు ప్రకారము ప్రజారోగ్యము, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోనివి. ప్రజారోగ్యమును మెరుగుపరచుట రాజ్యము ప్రాథమిక ధర్మములలో ఒకటిగా ఎంచవలెనని 47వ అధికరణము ఆదేశిస్తున్నది. పొగాకు వస్తువులపై వసూలయ్యే వస్తుసేవల పన్నులో రాష్ట్రానికి వాటా ఉన్నది. ధర్మము, ధనము, రెండును రాష్ట్రము చేతిలో ఉన్నాయి.

మన ప్రభుత్వాలు ఏమియు చేయలేదని మేము అనుట లేదు. 1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ కృషితో రేడియం, క్యాన్సరు ఆసుపత్రి ఏర్పడింది. అదియే నేడు ఆయన పేరుతో వెలసియున్న సంస్థ. ఎందరో పేదలకు అది ఆధారము. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్యశ్రీని ప్రారంభించి, క్యాన్సరు వంటి పెద్ద వ్యాధుల చికిత్సకు పేదల తరఫున వ్యయము భరించుట మొదలుపెట్టింది. మా విద్యార్థి తండ్రి నేడు బ్రతికి ఉండుట అట్టి సహాయము వలననే.

పంట విషయములో కూడ ప్రభుత్వాలు శ్రద్ధ వహించాయి. 1947లో రాజమహేంద్రవరములో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. 1976లో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడింది. ఏ నేలలో ఏ రకము నాటవలెను, ఏ తెగులుకు ఏ మందు వేయవలెను, ఆకును ఎట్లు కాల్చవలెను అని దశాబ్దాలుగా విద్వాంసులు శ్రమించారు. రైతుకు మేలు చేసిన ఆ కృషిని మేము తక్కువ చేయుట లేదు.

కాని ఈ వరుసను ఒక్కసారి పరికింపుడు. మొదట పంట ఉన్నది, దానికి పరిశోధన ఉన్నది. చివర రోగి ఉన్నాడు, అతనికి ఆపరేషను ఉన్నది. ఆకు పొలము దాటిన నాటినుండి మనిషి ఆసుపత్రి మెట్లెక్కే నాటివరకు గల దీర్ఘమైన నడుమ కాలములో నిలకడగల ఏర్పాటు కావలెను. పరిశోధన, నివారణ ఉండవలసిన స్థలము అదియే. చివరి మెట్టు వద్ద మాత్రమే ధనము పోయుట చిల్లుకుండలో నీరు పోయుటవంటిది. 2017–18లో పొగాకు వలన కలిగిన వ్యాధులకు, అకాల మరణాలకు మన దేశము చెల్లించిన మూల్యము 1,77,341 కోట్ల రూపాయలని పరిశోధకులు లెక్కగట్టారు. అది దేశ స్థూలోత్పత్తిలో 1 శాతానికి పైబడినది. నివారణకు డబ్బు లేదనుట ఈ లెక్క ముందు నిలువదు.

ఇతరులు ఎట్లు చేశారు?

1988 నవంబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర ప్రజలు ఓటు వేసి, సిగరెట్టు ప్యాకెట్టుకు 25 సెంట్ల అదనపు పన్ను విధించుకొన్నారు. అందులో నూటికి 20 వంతులు ఆరోగ్య బోధకు, 5 వంతులు పరిశోధనకు చట్టములోనే కేటాయించారు. తరువాతి ఏండ్లలో ఆ రాష్ట్రములో పొగత్రాగుడు, ఊపిరితిత్తుల క్యాన్సరు, తక్కిన దేశములో కంటె వేగముగా తగ్గాయి. అయితే 1990లలో పాలకులు ఆ బోధనిధిని ఇతర వైద్య కార్యక్రమాలకు మళ్లించగా, ఆరోగ్య సంఘాలు న్యాయస్థానమునకు వెళ్లి దానిని తిరిగి సాధించుకొన్నాయి. నిధిని ఏర్పరచుట సగము పని, దానిని కాపాడుట తక్కిన సగము.

మనవంటి ఆసియా దేశమైన థాయిలాండు 2001లో మద్యము, పొగాకు పన్నుపై నూటికి 2 వంతుల అదనపు సుంకము వేసి ఆరోగ్యాభివృద్ధి నిధిని నెలకొల్పింది. అది ఏటేటా బడ్జెట్టులో అడుక్కొనవలసిన ధనము కాదు.

ఇది పరాయి ఆలోచన అని ఎవరైన అనుకొంటే మన ఇంటి ఉదాహరణము చెప్పుతాము. 1976లో పార్లమెంటు బీడీలపై సెస్సు విధించి, ఆ ధనముతో బీడీ కార్మిక సంక్షేమ నిధిని ఏర్పరచింది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు ఆ సెస్సు రద్దయిందిగాని, అంతకుముందు 40 ఏండ్లు అది కార్మికులకు దవాఖానాలు, వారి పిల్లలకు విద్యార్థి వేతనములు ఇచ్చింది. బీడీలు చుట్టే ఇండ్లనుండి వచ్చి ఆ వేతనముతో పుస్తకాలు కొన్న బిడ్డలు ఎందరో ఉన్నారు. పొగాకు నుండి వచ్చిన పైసను పొగాకు వలన నష్టపోయినవారికే వెచ్చించుట మన దేశము ఎరిగిన న్యాయమే.

కొన్ని ఆక్షేపణలు

"తాను చేజేతుల తెచ్చుకొన్న రోగానికి అందరి ధనము ఏల?" అని కొందరంటారు. నికోటిను మనస్సును బానిసగా చేసే పదార్థము. చాలమంది ఈ అలవాటులో పడేది లోకజ్ఞానము లేని చిన్న వయస్సులో. 18 ఏండ్లలోపు వారికి అమ్మరాదని, విద్యాసంస్థలకు 100 గజాలలోపు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. గుట్కాను నిషేధించగా పాన్ మసాలా ఒక పొట్లములో, పొగాకు వేరొక పొట్లములో పెట్టి జంటగా అమ్మే ఉపాయము పుట్టింది. ఉచ్చు పన్నినవానిని విడిచి, చిక్కినవానిని నిందించుట న్యాయము కాదు.

"ఇది కేంద్రము పని" అని మరికొందరంటారు. కేంద్రము 2003లో చట్టము చేసింది, 2007–08లో జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమము ప్రారంభించింది. 2009–10లో దేశములోని వయోజనులలో 34.6 శాతము ఉన్న పొగాకు వాడకము 2016–17 నాటికి 28.6 శాతమునకు తగ్గింది. ప్రయత్నము ఫలిస్తుందనుటకు ఇది సాక్ష్యము. అయినను 28.6 శాతమనగా 26 కోట్లకు పైబడిన మనుషులు. దుకాణమును తనిఖీ చేయు ఉద్యోగి, పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రము, ఆశా కార్యకర్త, వీరందరు రాష్ట్రము క్రిందివారే.

మూడవ ఆక్షేపణ బరువైనది. ప్రకాశం జిల్లా రైతు ఏమి కావలెను? నిజామాబాదులో, జగిత్యాలలో చాట ఒడిలో పెట్టుకొని తునికి ఆకులో పొగాకు నింపే తల్లి ఏమి కావలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక పొగాకును ఖండించువాడు కడుపు నిండినవాడై ఉండవలెను. మేము ఆ తల్లి కూలిని రేపే ఆపివేయుమనుట లేదు. కాని ఆ పొగాకు దుమ్మును దినమంతయు పీల్చేది కూడ ఆమెయే. ఆమె దగ్గును పరిశోధించుటకు, ఆమె కూతురికి మరొక పని నేర్పుటకు ధనము కావలెను గదా! పొగాకు నియంత్రణను గూర్చిన ప్రపంచ ఒడంబడికపై మన దేశము 2004లో ఆమోదముద్ర వేసింది. రైతులకు, కార్మికులకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపవలెనని అందులోనే ఉన్నది. మేము కోరే నిధిలో వారి వాటా దయాభిక్ష కాదు, హక్కు.

మేము కోరునది

రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలు పొగాకు పన్నులలోని తమ వాటానుండి నూటికి 5 వంతులు క్యాన్సరు పరిశోధనకు, 10 వంతులు నివారణకు చట్టబద్ధముగా కేటాయించవలెను. ఆ ధనమును వేరొక పనికి మళ్లించరాదని చట్టములోనే వ్రాయవలెను. పొగాకు వాడకము తగ్గితే నిధి తగ్గదా అని సందేహము రావచ్చును. తగ్గుతుంది. ఆ దినము రావలెననియే మన ప్రయత్నము.

ఆ నిధితో మొదట చేయవలసిన పనులు నాలుగు. ప్రతి జిల్లాలో క్యాన్సరు రోగుల నమోదు పట్టిక ఉండవలెను. ఎందరికి, ఎక్కడ, ఏ క్యాన్సరు వస్తున్నదో తెలియక చేసే ప్రణాళిక చీకటిలో బాణము. రెండవది, ఆశా కార్యకర్తలకు శిక్షణయిచ్చి, పొగాకు వాడే ప్రతివాని నోటిని క్రమము తప్పక పరీక్షింపజేయవలెను. మూడవది, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో అలవాటు మాన్పించు విభాగము ఉండవలెను. నాలుగవది, అడ్డపొగ, గుట్కా, బీడీ దుమ్ము వంటి మన సొంత సమస్యలపై మన విశ్వవిద్యాలయాలలో పరిశోధనకు వేతనములు ఇవ్వవలెను. శ్రీకాకుళం నోళ్లను పరీక్షించుటకు బొంబాయి నుండి వచ్చిన మహనీయులకు మనము కృతజ్ఞులము. ఇకమీదట ఆ పనిని మన బిడ్డలు చేయవలెనని కోరుకొనుట తప్పు కాదు.

పాలకవర్గమునకు మా విన్నపము ఒకటే. ఈ విషయమై ఒక తీర్మానము చేసి, మన శాసనసభ్యునికి, ఆరోగ్యశాఖ మంత్రికి పంపవలెను. ఒక కళాశాల తీర్మానము చిన్నది కావచ్చును. పది కళాశాలల తీర్మానములు ఒక బల్లపై చేరితే దానిని చదువక తప్పదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు కూడ పని ఉన్నది. మన కళాశాల ద్వారమునుండి 100 గజాలు కొలవండి. ఆ పరిధిలో పొగాకు అమ్మే దుకాణములు ఎన్ని ఉన్నవో లెక్క వ్రాసి మాకు తెచ్చి ఇవ్వండి. ఆ లెక్కను తీర్మానమునకు జతపరచుదము. మీ ఇంటిలో ఎవరికైన నోటిలో మానని పుండో, తెల్లమచ్చయో, ఎర్రమచ్చయో ఉండి రెండు మూడు వారాలు దాటితే, పన్ను ఒరసికొన్నదని సరిపెట్టుకొనక వైద్యునికి చూపించండి. మూడు వ్రేళ్లు నిలువుగా నోటిలో పట్టుచున్నవో లేవో చూచుకొనుమని చెప్పండి. మానదలచినవారికి 1800-11-2356 అను ఉచిత టెలిఫోను ద్వారా ప్రభుత్వమే సలహా ఇస్తున్నదని తెలుపండి.

మా విద్యార్థి ఒక సంవత్సరము నష్టపోయి మరల తరగతికి వచ్చాడు. తండ్రి ఇప్పుడు గంజి మాత్రమే త్రాగగలడట, మాట స్పష్టముగా రాదట. ఆటోను అమ్మివేశారు. తల్లి చాట ముందు ఇంకను కూర్చుంటూనే ఉన్నది. "సార్, మా వీధిలో ఇరువది మంది నోళ్లు నేనే చూచినాను, ఇద్దరిని దవాఖానాకు పంపినాను" అని మొన్న అతడు మాతో చెప్పాడు. చేతిలో చిన్న టార్చిలైటు. ఎవ్వరూ వేతనమీయలేదు, ఎవ్వరూ శిక్షణనీయలేదు.

అతని ప్రశ్నకు మేము ఇంకను పూర్తి సమాధానము ఇవ్వలేదు. ఆ సమాధానము శాసనసభ బడ్జెట్టు పుటలలో అంకెల రూపమున రావలసి ఉన్నది.